ఆరు చుక్కల అబ్బాయి: లూయీ బ్రెయిల్

లూయీ బ్రెయిల్ పేరు మనలో చాలామందికి బిట్ ప్రశ్నగానే తెలుసు. అంధుల లిపి ఎవరు కనిపెట్టారు, ఒక మార్కు, అంతే. ఈ మధ్య మినీ ప్రాజెక్ట్ టాపిక్ కోసం, స్పెషల్ నీడ్స్ ఉన్న పిల్లల చదువు యాప్‌లు ఒక్కొక్కటీ తెరిచి చూస్తుంటే ఈయన పేరు పదే పదే తగిలింది. సరేలే అని ఆయన జీవితం చదవడం మొదలుపెట్టాను. ఒక మంచి కోడ్ ఎలా పుడుతుంది, అది బాగున్నా పెద్దవాళ్లు ఎందుకు ఒప్పుకోరు, చివరికి దాన్ని ఎవరు నిలబెడతారు అన్నదంతా అందులో ఉంది. కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లకి ఇంతకంటే దగ్గరి కథ ఇంకోటి నాకు దొరకలేదు. అందుకే ఈ సంచికకి కవిత బదులు ఇది రాస్తున్నాను. నాది ఇంగ్లీష్ మీడియం చదువు. ఫ్రెంచి పేర్లు నోటికి ఎలా వస్తే అలా రాశాను, సర్దుకోండి.

తోలు పని కొట్టు

లూయీ 1809 జనవరి 4న ఫ్రాన్స్‌లో కూవ్రే అనే చిన్న పల్లెలో పుట్టాడు. పారిస్‌కి తూర్పున, అప్పట్లో గుర్రబ్బండిలో కొన్ని గంటల ప్రయాణం. నలుగురు పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి సిమోన్ రెనె గుర్రాలకి జీనులు, కళ్లేలు తయారు చేసేవాడు. మూడేళ్ల వయసులో ఒకరోజు లూయీ నాన్న పనిముట్లతో ఆడుకుంటూ, తోలుకి బెజ్జం వేసే ఆర పట్టుకుని నాన్న చేసినట్టే చేయబోయాడు. మా కోటలో చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర మీరూ చూసుంటారు, చెక్క పిడికి బిగించిన మొనదేలిన ఇనుప పనిముట్టు, అదే. అది జారి కంట్లో గుచ్చుకుంది. యాంటీబయాటిక్స్ లేని రోజులు. చీము పట్టి, రెండో కంటికి కూడా పాకింది. ఐదేళ్లు వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది.

ఆ కాలంలో పల్లెల్లో చూపులేని పిల్లల్ని బడికి పంపడమనే మాటే ఉండేది కాదు. పేదింటి పిల్లలైతే చాలామందికి చివరికి అడుక్కోవడమే మిగిలేది. లూయీ అమ్మానాన్నలు అలా వదిలెయ్యలేదు. ఊరి చర్చి ఫాదర్ పల్వీ దగ్గర పాఠాలు చెప్పించారు. తర్వాత ఊరి బడి మాస్టారు బెషెరే అతన్ని మిగతా పిల్లలతో పాటే కూర్చోనిచ్చాడు. ఈరోజు మనం ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ అని పెద్ద పేరు పెట్టి చెప్పుకునేది ఆ పల్లె బడిలో ఏ పేరూ లేకుండా జరిగిపోయింది. లూయీ విని నేర్చుకున్నాడు, బాగా నేర్చుకున్నాడు. కానీ మిగతావాళ్లు పుస్తకం తెరిచినప్పుడల్లా అతను చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. వినగలడు, అడిగితే చెప్పగలడు. చదవలేడు, రాయలేడు.

ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఆయన జీవితం మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

బరువైన పుస్తకాలు

1819 ఫిబ్రవరిలో, పదేళ్ల వయసులో, లూయీని పారిస్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చారు. 1785లో వాలెంటిన్ అవీ అనే ఆయన మొదలుపెట్టిన బడి అది. చూపులేని పిల్లల కోసం ప్రపంచంలో వచ్చిన మొదటి బడిగా దాన్నే చెప్తారు. భవనం పాతది, చెమ్మ పట్టి ఉండేది. కానీ అక్కడ పుస్తకాలున్నాయి.

ఆ పుస్తకాలు అవీ తయారు చేయించినవి. మామూలు ఇంగ్లీష్, ఫ్రెంచి అక్షరాలనే పెద్దవి చేసి, తడి కాగితం మీద గట్టిగా నొక్కి ఉబ్బెత్తుగా తేల్చేవాళ్లు. వేలితో అక్షరం అంచులన్నీ తడిమి, ఇది ఏదో అని పోల్చుకోవాలి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేంత నెమ్మది. ఒక్కో పుస్తకం చాలా బరువు, తయారీకి చాలా ఖర్చు, అందుకే బడి మొత్తానికి ఉన్నవే కొన్ని. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. పిల్లలు ఆ అక్షరాల్ని తడిమి చదవగలరు గానీ, తమంతట తాము రాసుకోలేరు. ఎందుకంటే ఆ డిజైన్ కంటి కోసం చేసింది. కంటికి ఏది సులువో అదే వేలికి కూడా సులువు అనుకున్నారు. అవీ మంచి మనిషి, అందులో అనుమానం లేదు. ఆయన లేకపోతే ఆ బడే లేదు. కానీ అక్షరం ఎలా ఉండాలన్నది చూపున్నవాళ్లు కూర్చుని నిర్ణయించారు.

పన్నెండు నుంచి ఆరుకి

1821లో షార్ల్ బార్బియే అనే ఆయన తన కొత్త రాత పద్ధతిని ఆ బడికి తెచ్చాడు. సైన్యంలో పనిచేసిన మనిషి. అక్షరాల ఆకారాలు వదిలేసి, కాగితం మీద ఉబ్బెత్తు చుక్కలు పెట్టాడు. ఫ్రెంచి శబ్దాలన్నిటినీ ఆరు వరుసలు, ఆరు నిలువుల పట్టికలో సర్దాడు. ఎడమ పక్క ఎన్ని చుక్కలుంటే అన్నో వరుస, కుడి పక్క ఎన్ని ఉంటే అన్నో నిలువు. మన భాషలో చెప్పాలంటే లుకప్ టేబుల్. రెండు నిలువుల్లో ఆరేసి, మొత్తం పన్నెండు చుక్కల దాకా పడతాయి.

పిల్లలకి చుక్కలు వెంటనే నచ్చాయి. గీత కంటే చుక్క వేలికి స్పష్టంగా తెలుస్తుంది. పైగా ఒక చిన్న మొనతో గుచ్చి ఎవరికి వాళ్లు రాసుకోవచ్చు. కానీ వాడుతుంటే లోపాలు బయటపడ్డాయి. పన్నెండు చుక్కలు ఒక వేలికొన కింద ఇమడవు. వేలిని పైకీ కిందకీ జరిపి లెక్కపెట్టుకోవాలి. రాసేది శబ్దాన్ని, స్పెల్లింగ్‌ని కాదు. ఫ్రెంచిలో పలికేది ఒకటి, రాసేది ఒకటి, కాబట్టి స్పెల్లింగ్ ఎప్పటికీ రాదు. కామా, ఫుల్‌స్టాప్ లేవు. సంగీతానికి వీలు లేదు.

ఈ లోపాలు లూయీకి తెలిసింది పుస్తకం చదివి కాదు, వేళ్లతో. అప్పటికి పన్నెండేళ్ల పిల్లాడు. తర్వాతి మూడేళ్లు ఖాళీ దొరికినప్పుడల్లా, సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు కూడా, కాగితం మీద చుక్కలు గుచ్చుతూ కూర్చున్నాడు. 1824కల్లా, పదిహేనేళ్ల వయసుకి, పద్ధతి దాదాపు తయారైంది. మనలో చాలామంది ఆ వయసులో టెన్త్ బోర్డ్ పరీక్షలు రాస్తుంటాం.

అతను చేసింది ఏంటో చూడండి. పన్నెండు చుక్కల్ని ఆరు చేశాడు. ఎడమ నిలువులో 1, 2, 3, కుడి నిలువులో 4, 5, 6. వేలు ఆనించగానే ఆరూ ఒకేసారి తెలుస్తాయి, జరపక్కర్లేదు. ఒక్కో చుక్క ఉంటుంది, లేదా ఉండదు. అంటే ఆరు బిట్లు. మొత్తం 64 రకాలు, ఖాళీ గడి తీసేస్తే 63. కంప్యూటర్ రావడానికి వందేళ్లకి పైగా ముందే ఒక ఆరు బిట్ల కోడ్ పిల్లల వేళ్ల కింద నడిచింది.

వరుస కూడా ఇష్టమొచ్చినట్టు పెట్టలేదు. మొదటి పది అక్షరాలకి పైనున్న నాలుగు చుక్కలే వాడాడు. తర్వాతి పదికి అవే ఆకారాలు, కింద 3వ చుక్క అదనం. ఆ తర్వాతి వాటికి 3, 6 రెండూ అదనం. పది ఆకారాలు నేర్చుకుంటే మిగతావి వాటంతట అవే వచ్చేస్తాయి. మనం బిట్ మాస్క్ అని లాబ్‌లో చేసేది ఇదే. అంకెలకి కొత్త ఆకారాలు అక్కర్లేదు, ముందు ఒక గుర్తు పెడితే ఆ పది అక్షరాలే పది అంకెలు. కీబోర్డ్‌లో షిఫ్ట్ లాగా. అదే ఆరు చుక్కలతో సంగీతం రాసే పద్ధతి కూడా చేశాడు. లూయీ మంచి ఆర్గాన్ వాద్యకారుడు, పారిస్‌లో ఒక చర్చిలో కొన్నేళ్లు ఆర్గాన్ వాయించాడు కూడా. తనకి కావాల్సింది తనే చేసుకున్నాడు.

1829లో, ఇరవై ఏళ్ల వయసులో, ఈ పద్ధతిని పుస్తకంగా వేశాడు. ఆ పుస్తకాన్ని మాత్రం పాత ఉబ్బెత్తు అక్షరాల్లోనే అచ్చు వేయాల్సి వచ్చింది. 1837లో సరిచేసిన రెండో కూర్పు వచ్చింది. మొదటిదాంట్లో చుక్కలతో పాటు చిన్న గీతలు కూడా ఉండేవి. గీతలు రాయడం కష్టమని వాడినవాళ్లకి తెలిసొచ్చి తీసేశాడు. వెర్షన్ వన్, వెర్షన్ టూ.

పిల్లలు దాచుకున్న లిపి

అదే బడిలో లూయీ టీచర్ అయ్యాడు. పాఠాలు చెప్తూ, పిల్లలకి చుక్కల్లో పుస్తకాలు రాసిపెడుతూ ఉండేవాడు. అప్పటి డైరెక్టర్ పిన్యే అతనికి అండగా ఉన్నాడు. కానీ 1840లో పిన్యే పోయి ద్యుఫో డైరెక్టర్‌గా వచ్చాడు. చుక్కల రాత వద్దన్నాడు. వేరే దేశాల్లో వాడుతున్న ఉబ్బెత్తు అక్షరాలు తెప్పించాడు.

కారణం ఏంటంటే, చూపున్న టీచర్లకి చుక్కలు చదవడం రాదు. తాము చదవలేనిది పిల్లలు రాసుకుంటే ఎలా? చూపులేనివాళ్లకి వేరే లిపి ఇస్తే లోకం నుంచి ఇంకా దూరమైపోతారు అని కూడా వాదించారు. ఈ రెండో వాదన వినడానికి బాగానే ఉంటుంది. కానీ పుస్తకం చదవలేక, ఇంటికి ఉత్తరం రాయలేక కూర్చున్న పిల్లాడు లోకానికి ఇప్పటికే దూరంగా ఉన్నాడు కదా.

నిలబెట్టింది పిల్లలే. వద్దన్నా వాళ్లు చుక్కల్లోనే నోట్స్ రాసుకున్నారు, ఒకరికొకరు నేర్పుకున్నారు. క్రమంగా వైస్ డైరెక్టర్ గ్వాదే మనసు మారింది. బడి కొత్త భవనానికి మారాక, 1844లో జరిగిన ప్రారంభోత్సవంలో ఆయనే అందరి ముందూ ఈ పద్ధతిని మెచ్చుకుని, పిల్లల చేత చేసి చూపించాడు.

లోకానికి దూరమవుతారన్న మాటకి కూడా లూయీ దగ్గర జవాబుంది. 1839లో ఇంకో పద్ధతి ప్రచురించాడు. చుక్కల్ని దగ్గర దగ్గరగా గుచ్చి మామూలు అక్షరాల ఆకారం తెప్పించడం. ఇది చూపున్నవాళ్లు చదువుకోడానికి. అంటే చూపులేని పిల్లాడు అమ్మకి ఉత్తరం రాస్తే అమ్మ ఎవరి సాయం లేకుండా చదువుకోవచ్చు. చేత్తో గుచ్చడం నెమ్మది అని, ఫూకో అనే ఇంకో చూపులేని మిత్రుడు దానికొక యంత్రం తయారు చేశాడు. పాత బస్ టికెట్ల మీద, కరెంటు బిల్లుల మీద చుక్కల అక్షరాలు వేసే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ గుర్తుందా? ఆలోచన అదే.

లూయీకి ఇరవైల్లోనే క్షయ పట్టుకుంది. మధ్యలో తగ్గడం, మళ్లీ తిరగబెట్టడం, ఇలా చాలా ఏళ్లు. 1852 జనవరి 6న చనిపోయాడు. 43 ఏళ్లు నిండి రెండు రోజులే అయింది. సొంత ఊళ్లోనే పూడ్చిపెట్టారు. పారిస్ పత్రికలు పట్టించుకోలేదు. అతని లిపిని ఫ్రాన్స్‌లో అధికారికంగా ఒప్పుకుంది 1854లో, అతను పోయిన రెండేళ్లకి. వందేళ్లు గడిచాక, 1952లో, అతని అవశేషాల్ని పారిస్‌లో దేశంలోని గొప్పవాళ్లు ఉండే పాంథియోన్‌కి తీసుకెళ్లారు. కూవ్రే ఊరివాళ్లు చేతుల్ని మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. 2009లో, రెండొందల ఏళ్ల సందర్భంగా, మన దేశం కూడా ఆయన బొమ్మతో 2 రూపాయల నాణెం వేసింది.

తెలుగుకి ఎలా వచ్చింది

మన దేశంలో మొదట ఒక్కో చోట ఒక్కో రకం బ్రెయిల్ ఉండేది. ఒక బడిలో నేర్చుకున్నది ఇంకో బడిలో పనికిరాదు. స్వాతంత్ర్యం తర్వాత యునెస్కో సాయంతో వీటన్నిటినీ ఒక దారికి తెచ్చారు. 1951లో భారతి బ్రెయిల్ ఖాయమైంది. సూత్రం ఒకటే: ఏ భాషైనా శబ్దం ఒకటైతే గడి ఒకటే. తెలుగు క, హిందీ క, తమిళ క అన్నిటికీ 1, 3 చుక్కలు. ఇంగ్లీష్‌లో ఆ శబ్దమున్న అక్షరానికీ అవే. యూనికోడ్‌లో కూడా తెలుగు క, హిందీ క తమ తమ బ్లాకుల్లో ఒకే స్థానంలో ఉంటాయి. ఆ ఆలోచన వేళ్ల కిందకి చాలా ముందే వచ్చేసింది.

కోట అని రాయాలంటే మూడు గడులు చాలు. క కి 1, 3. ఓ కి 1, 3, 5. ట కి ఒకటో చుక్క తప్ప మిగతా ఐదూ. గుణింతం గుర్తు పైకీ కిందకీ పోదు, అచ్చే పక్కన వచ్చి కూర్చుంటుంది. వత్తు కూడా కిందకి దిగదు. అమ్మ అని రాయాలంటే అ, తర్వాత నాలుగో చుక్క ఒక్కటే ఉన్న గడి, ఆపైన మ, మ. బార్బియేకి ఫ్రెంచిలో ఎదురైన శబ్దమా, స్పెల్లింగా అన్న గొడవ మనకి చాలావరకు లేదు. పలికినట్టే రాస్తాం కదా.

మన యాప్‌ల సంగతి

ఇప్పుడు ఫోన్ ఉంది, మాట్లాడుతుంది, ఇంక చుక్కలెందుకు అని అడగొచ్చు. నేనూ ఆ ప్రశ్నతోనే చదివాను. మా వీధిలో ఒక చిన్నోడికి చూపు చాలా తక్కువ. వాళ్లమ్మ ఫోన్‌లో రైమ్స్, కథలు పెడుతుంది. వాడికి అన్నీ నోటికొచ్చు, అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. పేరు రాయమంటే రాదు. రెండొందల ఏళ్ల కిందట కూవ్రే బడిలో లూయీ ఎక్కడ ఆగిపోయాడో వీడూ అక్కడే ఉన్నాడు. వింటే కథ వస్తుంది గానీ అక్షరం రాదు. శ, ష, స తేడాలు, ల ఎక్కడ ళ ఎక్కడ, వత్తు ఉందా లేదా, ఇవి చెవికి సరిగ్గా అందవు. చేతికి అందాలి.

అందుకే ఏ యాప్ చూసినా ఇప్పుడు నేను ముందు ఒకటే చూస్తున్నాను: పిల్లలు దాంతో ఏమైనా చెప్పగలరా, రాయగలరా, లేక వింటూ నొక్కుతూ ఉండటమేనా? ఇది చూపుకి మాత్రమే సంబంధించింది కాదు. మనకి దగ్గర్లోని చెన్నైలో పుట్టిన ఆవాజ్ యాప్ చూడండి. మాట రాని పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు బొమ్మలు నొక్కి వాక్యం కూర్చుకుంటే ఫోన్ దాన్ని పైకి పలుకుతుంది. అక్కడ మాట పిల్లలది. ఆండ్రాయిడ్ టాక్‌బ్యాక్‌లో 2020లో బ్రెయిల్ కీబోర్డ్ వచ్చింది. ఫోన్‌ని అడ్డంగా పట్టుకుని ఆరు వేళ్లతో ఆరు చుక్కలు నొక్కి టైప్ చెయ్యొచ్చు. విండోస్‌లో ఉచితంగా వాడే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌ని 2006లో మొదలుపెట్టిన మైకేల్ కరన్, ఆయనతో కలిసి పనిచేసిన జేమ్స్ తే, ఇద్దరూ చూపులేనివాళ్లే. చాలా భాగం పైథాన్‌లో ఉంటుంది, ఓపెన్ సోర్స్, మనం తెరిచి చదవచ్చు. లూయీ, ఫూకో దారిలోనే వీళ్లూ నడిచారు. వాడేవాళ్లే తయారు చేసుకున్నారు.

చూపున్న మనం అసలు చెయ్యకూడదా అంటే, చెయ్యాలి. బార్బియే చుక్కలు తేకపోతే లూయీ ఆరు చుక్కలు లేవు. కానీ ఎక్కడ లోపం ఉందో చెప్పే మాట వేళ్లకి వదిలెయ్యాలి. ద్యుఫో లాగా మనకి అర్థం కాలేదు కాబట్టి వద్దు అనకూడదు. మన మండలాల్లో స్పెషల్ నీడ్స్ పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. యాప్ పూర్తయ్యాక ఫొటో దిగడానికి కాకుండా, మొదటి స్క్రీన్ గీయకముందే అక్కడికి వెళ్లి టీచర్లనీ పిల్లల్నీ అడగడం మన చేతుల్లో పని.

ఇంకో చిన్న పని మన క్లబ్‌కే ఉంది. తెలుగు పేజీలు పాత ఫాంట్లలో కట్టి పీడీఎఫ్ చేస్తే, లేదా పద్యాన్ని బొమ్మలో అతికిస్తే, స్క్రీన్ రీడర్‌కి అందులో తెలుగు కనిపించదు. ఏవో పిచ్చి గుర్తులు చదువుతుంది, లేదా ఏమీ చదవదు. యూనికోడ్ తెలుగులో ఉంటే చదివి వినిపిస్తుంది, బ్రెయిల్ డిస్‌ప్లే ఉన్నవాళ్లకి వేళ్ల కిందకి కూడా పంపుతుంది. కాబట్టి వచ్చే సంచిక నుంచి ప్రతి పేజీ యూనికోడ్‌లోనే ఉండాలని, ప్రతి బొమ్మ కింద అందులో ఏముందో ఒక వాక్యం రాయాలని ఎడిటర్లని అడుగుతున్నాను. టైపింగ్ సాయం కావాలంటే నేనున్నాను.

జనవరి 4 బ్రెయిల్ దినోత్సవం. సంక్రాంతి సెలవులకి ఇంటికి బయల్దేరే ముందే వస్తుంది. ఆ రోజు మన బ్రాంచ్ ప్రాజెక్ట్ టీమ్‌లు అన్నీ ఒక పావుగంట టాక్‌బ్యాక్ ఆన్ చేసి, ఫోన్ స్క్రీన్ మీద కర్చీఫ్ కప్పి, తమ యాప్‌ని తామే వాడి చూడండి. పేరు పెట్టని బటన్లు ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోండి. సెలవుల నుంచి తిరిగి వచ్చాక ముందు వాటిని సరిచేద్దాం.